ఉప్పుమళ్లలో అప్పన్న

బావా,

నువ్వు పోయాక నేనూ సింహాద్రీ నిన్న మొదటిసారి సినిమాకి వెళ్లాం. పాత రష్యన్ నవలల్ని వెక్కిరిస్తూ తీసిన కామెడీ. నువ్వుంటే నవ్వేవాడివో, తిట్టేవాడివో!

మంచులో ఇద్దరు స్నేహితులు ఒకరి మీద ఒకరు పిస్తోళ్లు ఎత్తారు. చలికి చేతులు వణికి గుళ్లన్నీ చెట్లకి తగులుతున్నాయి. కాలేజీ పిల్లలు పడీపడీ నవ్వారు. ముందు వరసలో ఒక పెద్దాయన విసుక్కుని లేచిపోయాడు. నేను ఎటూ కాకుండా కూర్చున్నాను.

ప్లాంటులో షిఫ్టుకి ముందు టీ తాగుతూ, ఏదో రష్యన్ పుస్తకంలోదని నువ్వు మా ఇద్దరికీ చెప్పిన కథే కదా ఇది! రష్యా పేర్లు మాకు నోరు తిరగవని అప్పన్న, ఎర్రునాయుడు అన్నావు. మంచుకి బదులు మీ ఊరి ఉప్పుమళ్లు పెట్టావు. అదంతా మీ ఊళ్లో నిజంగా జరిగిందనే సింహాద్రి ఇన్నాళ్లూ నమ్మాడు.

చివరికి గుండు తగిలి తెర మీద ఒకడు కూలిపోయాడు. హాలంతా ఈలలు. సింహాద్రి నా చెయ్యి పట్టుకున్నాడు.

"అప్పన్న సచ్చిపోనాడేట్రా? మన బావ సెప్పినప్పుడు ఇద్దరూ కల్లు తాగి ఇంటికెల్లిపోనారు గదా?"

ఆ పుస్తకం నేనూ చదవలేదు. అందులోనూ చచ్చిపోతాడా? మేం దిగులుగా పనిలోకి వెళ్లకూడదని వాణ్ణి నువ్వే బతికించావా బావా?