సుజాత నడిపిన కారు

శనివారం, రాత్రి

మా టీచర్ల సమ్మె ముగిసి బడి తెరిచాక ఇవాళే మొదటిసారి కంప్యూటర్ గదిలో పిల్లల నవ్వులు విన్నాను. తరగతుల మధ్య కారు రేసు గేమ్ పోటీ పెట్టాను. పాఠాలు మిగిలుండగా ఆటలేమిటని హెడ్మాస్టర్ గారు సోమవారం అడుగుతారేమో. అడగనీ.

తొమ్మిదో తరగతి జట్టులోకి సుజాతను ఎవరూ పిలవలేదు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆ పిల్ల కుడి చేయి పడిపోయింది. కారు తిప్పే బటన్లేమో కీబోర్డుకు కుడి చివర ఉంటాయి, ఎడమచేయి అడ్డంగా చాచి నొక్కుతూ ఆడటం కష్టం. "నేను చూస్త సార్, వాళ్లనే ఆడనియ్యండ్రి" అంది.

నాకు మనసొప్పలేదు. సెట్టింగుల్లోకి వెళ్లి ఆ బటన్లను ఎడమవైపు అక్షరాలకు మార్చాను. పది నిమిషాల పని. రెండేళ్లుగా ఆమె నా ఎదుటే కూర్చుంటోంది, ఇన్నాళ్లూ నాకెందుకు తట్టలేదో!

మొదటిసారి సుజాత కారు గోడకు గుద్దింది. రెండోసారి పదో తరగతి రమేశ్‌ను దాటేసింది. వాడు లేచి, "నాకు గూడ గట్లనే పెట్టండ్రి సార్, మళ్లొకసారి ఆడ్త" అన్నాడు. ఎడమచేత్తో ఆడి మళ్లీ ఓడాడు. అందరికంటే ఎక్కువ నవ్వింది సుజాతే.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది. "సార్, ఏడో తరగతిల లావణ్య అని ఉంది. కండ్లు సరిగ కనవడయి. ఆమెనెట్ల ఆడిపిస్తరు?"

"సోమవారం తోలుకరా" అన్నాను. ఎలా ఆడించాలో నాకు నిజంగా తెలియదు. ముందు ఆ పిల్లనే అడగాలి.