మూడు నెలల్లో మూడు మతాలు పుచ్చుకున్న సిపాయి మనవి

మాజీ సైనికుల సహాయ కార్యాలయం,
పునఃపరిశీలనాధికారి గారి సముఖమునకు,

తోంగ్‌యోంగ్ రేవులో పడవల మీద పేర్లు రాసుకొని బతికే ఓక్ బ్యోంగ్-దో, వయసు యాభై ఎనిమిది, చేసుకొను అర్జీ.

తేది: 2024 మార్చి 16, శనివారం

విషయం: సైన్యంలో ఉండగా నా పైవాడి చేతిలో నాకు జరిగిన మానభంగమును "రుజువు లేనిది, సేవకు సంబంధము లేనిది" అని తోసిపుచ్చిన ఉత్తర్వును తిరగదోడవలసినదిగా. (గడువు ఎల్లుండి సోమవారం సాయంత్రంతో ముగియును.)

అయ్యా,

1. పైన రాసిన మాట మగవాడికి వాడవచ్చునో లేదో నాకు తెలియదు. తమ ఫారంలో దానికి గడి లేదు. కౌంటరులో ఉన్న అమ్మాయి చాలాసేపు వెతికి, "ఇతర గాయాలు అని ఉంది, అందులో రాసేయండి బాబాయ్ గారూ" అన్నది. అందులోనే రాశాను. ఆ గడి పొడవు నా బొటనవేలంత.

2. తమ ఉత్తర్వులో మూడు కారణములు చూపినారు. నాకు సాక్షులు లేరనియు, మాజీ సార్జెంటు మా జోంగ్-గిల్ గారి వీడ్కోలు పుస్తకంలో నేను స్వహస్తములతో ఆప్యాయముగా రాసితిననియు, మతకార్యక్రమాలలో విశేషమైన ఉత్సాహము చూపినందున నేను సైనిక జీవితమునకు చక్కగా అలవాటు పడినట్లు భావించడమైనదనియు సెలవిచ్చినారు. మూడింటికీ జవాబు ఉంది. ముందు మూడోదానికి చెబుతాను, ఎందుకంటే అది చదివి నాకు నవ్వు వచ్చింది, ఆ నవ్వు ఆపుకోలేక పడవ నిచ్చెన మీద నుంచి దిగి కూర్చోవలసి వచ్చింది.

3. 1987 నవంబరులో నేను తూర్పు సరిహద్దు కొండల్లో మూడో కంపెనీలో కింది సిపాయిని. ఆదివారం పొద్దున కంపెనీ అంతా తలా ఒక మతం పేరు చెప్పి కొండ దిగేది. చర్చికి పోతే చాక్లెట్ బిస్కెట్టు, బౌద్ధుల గుడికి పోతే బియ్యప్పిండి ఉండలు. ఏ మతమూ లేనివాళ్ళు మిగిలి, పైవాళ్ళు చెప్పిన పని చేయాలి. నాది మిగిలే జాతి. అక్షరాలు బాగా రాస్తానని సార్జెంటు జోంగ్-గిల్ గారు నన్ను బొగ్గుల కొట్టు దగ్గరికి పిలిపించి, పెట్టెల మీద నంబర్లు రాయించేవారు. నంబర్లు రాయడం అయ్యాక తలుపు వేసేవారు. ఆపైన జరిగింది మొదటి దరఖాస్తులో రెండు పేజీలు రాశాను. ఆ రెండు పేజీలకు నాకు పదకొండు రోజులు పట్టింది. మళ్ళీ రాయను. ఆరు ఆదివారాలు జరిగింది అని మాత్రం ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను, అంకె మీద అనుమానం వద్దు, నేను అంకెలు రాసేవాణ్ణి.

ఎవరికీ ఎందుకు చెప్పలేదని తమ కింది అధికారి అడిగినారు. కంపెనీలో ఫిర్యాదుల పెట్టె ఒకటి ఉండేది. దాని తాళం చెవి సార్జెంటు గారి నడుముకే వేలాడేది.

ఆరో ఆదివారం నేను చర్చి జాబితాలో పేరు రాయించుకున్నాను. ఆయన కొట్టేయించారు. "నీకు దేవుడెందుకురా, నేనున్నాగా" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అప్పుడు ఒక సంగతి కనిపెట్టాను: జ్ఞానస్నానం తీసుకోబోయేవాడి పేరు మాత్రం ప్రతి ఆదివారం పాదిరీ గారు స్వయంగా రాసుకొనేవారు, దాన్ని సార్జెంటు కొట్టేయలేడు. జనవరిలో జ్ఞానస్నానం తీసుకున్నాను. తీసుకున్నాక, "అయిపోయిందిగా, ఇక పనికి రా" అన్నారు. ఫిబ్రవరిలో గుడిలో దీక్ష పుచ్చుకున్నాను. సన్యాసి గారు చేతి మీద అగరువత్తి చురక పెట్టి హ్యే-గాంగ్ అని పేరు పెట్టారు. మార్చిలో కేథలిక్కుల ఫాదరీ దగ్గరికి పోయాను. ఇంతకు ముందు జ్ఞానస్నానం అయిందా అని ఆయన అడిగారు. అయిందంటే మళ్ళీ ఇవ్వరు గనుక కాలేదన్నాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చెప్పిన అబద్ధం అదొక్కటే. ఆయన నాకు బ్లేజ్ అని పేరు పెట్టారు.

మూడు ధ్రువపత్రాలూ ముప్ఫై ఆరేళ్ళుగా ఖాళీ రంగు డబ్బాలో దాచాను. నకళ్ళు జతపరచడమైనది. అయ్యా, తేదీలు చూడండి. మూడు నెలల్లో ముగ్గురు దేవుళ్ళ కాళ్ళ మీద పడ్డవాణ్ణి తమరు భక్తుడంటారా, పారిపోతున్నవాడంటారా? ఏప్రిల్ మొదటి వారంలో సార్జెంటు గారి సేవ ముగిసి ఊరికి పోయారు. ఆ తరువాత నేను సేవ ముగించేదాకా ఏ మతమూ పుచ్చుకోలేదు. రిజిస్టరు తెప్పించి చూసుకోవచ్చు.

4. వీడ్కోలు పుస్తకం సంగతి. పైవాడు ఇంటికి పోయే ముందు కింది సిపాయిలంతా ఆయన పుస్తకంలో తలా ఒక పేజీ నింపాలి. ఇది తమకు తెలియనిది కాదు, తమరూ సైన్యంలో చేసే ఉంటారు, తమ ఇంట్లోనూ అలాంటి పుస్తకం ఉండే ఉంటుంది. "సొంత అన్నలా కాపాడారు, మీ వంటివారు మళ్ళీ దొరకరు" అని నా పేజీలో ఉన్నదన్నారు. ఉన్నది. తొమ్మిదో పేజీ చూడండి. పదిహేడో పేజీ చూడండి. ఇరవై ఎనిమిది మందివీ చూడండి. అన్నిటా అదే వాక్యం. కార్పొరల్ పలక మీద రాసి పెడితే అందరం చూసి ఎక్కించాం. నా పేజీలో అక్షరాలు అందంగా ఉండడం ఒక్కటే తేడా. ఆ పుస్తకం అట్ట మీద ఎర్ర పూల కొమ్మ కూడా నేనే వేశాను, వేయమన్నారు గనుక. మూడు రోజులు వేశాను. కొమ్మ బాగా కుదిరింది. ఇన్నేళ్ళలో నా మీద నాకు అంత కోపం తెప్పించింది మరొకటి లేదు.

ఆ పుస్తకాన్ని ఆయన ఇన్నాళ్ళూ భద్రంగా దాచుకున్నారని తమ ఉత్తర్వు వల్లనే నాకు తెలిసింది.

5. సాక్షుల గురించి. నాతో పనిచేసిన ఇద్దరు సంతకం పెట్టిన హామీపత్రం కావాలన్నారు. సంఘటన స్థలంలో ఉన్నవారైతే మంచిదన్నారు. ఉన్నది సార్జెంటు గారూ నేనూ, ఇద్దరమే అని మనవి చేశాను. కౌంటరు అమ్మాయి నియమం మళ్ళీ చదివింది. చదివి, నా మొహం చూడకుండానే, "అయితే ఆ రెండో ఆయన సంతకం తెచ్చుకోండి" అన్నది. వెంటనే తన మాట తనకే వినపడినట్టుంది, చేతిలో కలం కింద పెట్టేసింది. ఆ పిల్లను ఏమీ అనవద్దని నా ప్రార్థన. ఫారం చదవడమే తన ఉద్యోగం.

తరువాత, నాతో ఒకే గదిలో పడుకున్న ఒకాయనకు ఫోను చేశాను. పేరు రాయను. ఆయనకిప్పుడు సొంత దుకాణం ఉంది, మనవరాలు ఉంది. బొగ్గుల కొట్టులోంచి వచ్చిన నన్ను చూసి, ఏమీ అడగకుండా మొహం తుడుచుకోమని తన తువాలు ఇచ్చిన మనిషి ఆయన. విషయం చెప్పాను. తనకేమీ గుర్తు లేదన్నాడు, మనం ముసలాళ్ళమయ్యాం, ఇప్పుడు తవ్వుకుని ఏం లాభం అన్నాడు. సరే, ఫోను పెట్టేస్తానన్నాను.

"ఆగరా. నీకింకా ఆ బొగ్గు వాసన వస్తుందా?" అన్నాడు.

వస్తుందన్నాను.

"నువ్వొక్కడివే అనుకున్నావట్రా బ్యోంగ్-దో?" అన్నాడు. ఫోను పెట్టేశాడు.

మళ్ళీ చేయలేదు. ఆయన సంతకం నాకు అక్కరలేదు. తమ నియమం ప్రకారం నా హామీపత్రంలో రెండు గీతలూ ఖాళీగానే ఉన్నవి.

6. ముప్ఫై ఆరేళ్ళ తరువాత ఇప్పుడెందుకు అన్నదానికి: పోయిన అక్టోబరులో ఒక చేపల పడవ కింది అరలో నంబర్లు దిద్దుతుండగా పనివాడొకడు సరదాకి పైమూత వేశాడు. పది నిమిషాలు కూడా కాలేదు. మూత పగలగొట్టబోయి నేను భుజం విరగ్గొట్టుకున్నాను. ఆసుపత్రిలో కట్టు కడుతూ డాక్టరుగారు, "ఏమైంది, ఎవరు గుర్తొచ్చారు?" అని అడిగారు. నన్నెవరూ ఎప్పుడూ అలా అడగలేదు. చెప్పేశాను.

7. నేను కోరేది. భుజానికి కాదు, లోపలిదానికి వైద్యం కావాలి; తమ ఆసుపత్రిలో దానికి వేరే డాక్టరు ఉన్నారట, ఈ ఉత్తర్వు మారితే గాని ఆయన నన్ను చూడరట. రెండవది, ఉత్తర్వులో "జరగలేదు" అనే అర్థం వచ్చేలా ఉన్న వాక్యం తీసేసి "జరిగింది" అని రాయాలి. తమకు తీరిక లేకపోతే చెప్పండి, బ్రష్షు తెచ్చుకొని నేనే వచ్చి రాస్తాను. అక్షరాలు బాగుంటాయి.

ఇంతకు మించి నా దగ్గర రుజువులు లేవు. నేనున్నాను. తగిన ఉత్తర్వు దయచేయించే ముందు ఆ మూడు తేదీలను ఒక్కసారి వరుసగా చదువుకొని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఓక్ బ్యోంగ్-దో
(బ్లేజ్, హ్యే-గాంగ్ మొదలైనవాడు)

తా.క. (ఇది వేరే చేతిరాత)

సారూ, నేను ఆయన భార్యని, చు మల్-సున్‌ని. గుల్లలు ఒలిచే షెడ్డులో పని నాది. రాత్రి ఈ కాగితాలు నా ముందు పెట్టి, తప్పులుంటే దిద్దమని చెప్పి, తను పోయి అటు తిరిగి అంట్లు తోముతూ నిలబడ్డాడు. అప్పుడే నాకు తెలిసింది. పెళ్ళయి ముప్ఫై ఒక్కేళ్ళు.

మా ఆయనకి ఆదివారం పొద్దున ఇంట్లో కాలు నిలవదు. ఏడింటికి పోతాడు, మధ్యాహ్నానికి వస్తాడు. ఇంకో ఆడదుందని అనుకున్నాను. ఒకసారి మా పసిబిడ్డ సె-రాన్‌ని వీపున కట్టుకుని వెనకాలే పోయాను. పోతే చర్చిలో ఆఖరి బెంచీ మీద, తలుపు పక్కన కూర్చుని ఉన్నాడు. పై వారం గుడిలో, అక్కడా తలుపు పక్కనే. నాకు నవ్వొచ్చింది. దేవుళ్ళందరింటికీ నువ్వే అల్లుడివా అని ఇన్నేళ్ళూ ఏడిపించాను. ఆ మాట ఇక అనను.

భార్య సాక్ష్యం చెల్లదని మీ ఫారం వెనకాల రాసుంది, చూశాను. అయినా ఆ ఖాళీ గీత మీద సంతకం పెట్టాను. ఆ బొగ్గుల కొట్టు నేను చూడలేదు, కానీ దాంట్లోంచి బయటికొచ్చిన మనిషితోనే కాపురం చేశాను. చెల్లకపోతే చింపేయండి. చదివాక చింపండి.

ఇవాళ ఆదివారం. టైము పదిన్నర. సె-రాన్ వాళ్ళ నాన్న ఇంట్లోనే ఉన్నాడు. తలుపు బార్లా తీసి, గుమ్మంలో పీట వేసుకుని ముల్లంగి తరుగుతున్నాడు. దీన్ని ఏ గడిలో రాయాలో మీ కౌంటరులో అమ్మాయినడిగి చెప్పండి, రాసి పంపిస్తాను.