నలగని చొక్కా చెయ్యి

మే 6

అక్షరాలు వంకరగా ఉన్నాయి. తప్పులు కూడా చాలా ఉంటాయి. క్షమించాలి. ఐదో తరగతి తర్వాత నేను రాసినవి సంతకాలే. ఇది మా షాపులో కొలతలు రాసే పాత పుస్తకం. ముందు పేజీల్లో ఎవరెవరివో ఛాతీలు, నడుములు. వెనక పేజీలు ఖాళీ. ఎవరి కంటపడినా చదవకుండా కాల్చేయండి. ఇంట్లో వాళ్ల ముందు నాకు నోరు పెగలదు, అందుకే రాస్తున్నాను.

బాబు పుట్టి ఆరు రోజులు. మావయ్య వాణ్ణి బొత్తాంగాడు అంటారు. కాన్పులో తల వచ్చింది కానీ భుజం ఇరుక్కుంది. లాగారు. ఆ లాగుడు నాకింకా గుర్తుంది.

మే 9

చొక్కాల సంగతి. వాడివి మావయ్య కుట్టినవి, మెత్తటి పాత పంచెతో. పొద్దున ఇస్త్రీ చేసి తొడుగుతాను. సాయంత్రానికి ఎడమ చెయ్యి నలిగి, నోట్లో పెట్టుకుని తడిపి, ముద్దయిపోతుంది. కుడి చెయ్యి ఇస్త్రీ చేసినట్టే ఉంటుంది.

నిన్న అలాగే. మొన్న అలాగే.

మే 10

అత్తయ్యకి చెప్పాను. చెప్పడానికి గంట పట్టింది. ఆవిడ చంకలు గుద్దుకుంది. "ఏవండోయ్, మీ మనవడికి మీ చెయ్యే వచ్చింది!" అని షాపులోకి కేకేసింది. మావయ్యది ఎడమచేతి వాటం. ఎడమచేతి కత్తెర ఆయన ప్రత్యేకంగా చేయించుకున్నారు, దాన్ని ఇంకెవరూ ముట్టుకోకూడదు. మా ఆయనకి కుడిచెయ్యి వాటమైనందుకు ఇరవై ఆరేళ్లుగా బాధపడుతున్నారు. ఈరోజు లేచొచ్చి బొత్తాంగాడి ఎడమ పిడికిలిని ముద్దు పెట్టుకున్నారు. "ఒరేయ్, కత్తెర నీదేరా" అన్నారు. దానికి నూనె కూడా రాశారు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అది తప్పు.

మే 12

అందరూ షాపులో ఉండగా వాణ్ణి విప్పి చూశాను. కుడి చెయ్యి పక్కకి వేలాడుతోంది, అరచెయ్యి వెనక్కి తిరిగింది. వేలిస్తే పట్టుకుంటాడు, గట్టిగానే. పట్టు ఉంది. ఎత్తడమే లేదు.

మే 13

ఆస్పత్రి కార్డు తీసి కూడబలుక్కుని చదివాను. బరువు, తల చుట్టుకొలత, గుండె, తుంటి. కింద ఒక లైను ఉంది. ఉలికిపాటు: రెండు చేతులూ సమానం. అంటే ఉలిక్కిపడితే రెండు చేతులూ ఒకేలా లేస్తాయని. పక్కన టిక్కు.

నాకు బాగా గుర్తు. ఆ రోజు వార్డులో ఇరవై మంది బాలింతలం. ఒక నర్సు మంచాల మధ్య నడుస్తూ టిక్కులు పెట్టుకుంటూ పోయింది. బొత్తాంగాడు మెడ దాకా గుడ్డలో చుట్టి ఉన్నాడు. ఆమె ముఖం ఒక్కటే చూసింది. గుడ్డ విప్పలేదు.

మే 14

విప్పలేదు.

మే 15

మా ఆయనతో చెప్పాను. కార్డు చూసి "అన్నీ నార్మలే ఉన్నాయిగా, డాక్టర్ల కంటే నీకెక్కువ తెలుసా?" అన్నారు. అత్తయ్య వంటింట్లోంచే అందుకుంది. "ఐదో క్లాసుకే డాక్టరమ్మ అయిపోయింది. ఇంకో రెండు చదివుంటే మనందరికీ ఆపరేషన్లు చేసేసేది." మధ్యాహ్నానికి నా పేరు డాక్టరమ్మ అయిపోయింది. డాక్టరమ్మా, మజ్జిగ తే. డాక్టరమ్మా, ఆ లుంగీ అంచు మడిచావా?

మావయ్య మాత్రం నవ్వలేదు. ఆయనకి కోపం వచ్చింది. "నా చెయ్యి రోగమా అమ్మాయ్?" అన్నారు.

పెళ్లయిన రెండేళ్లలో ఆయన ముఖం చూసి మాట్లాడింది లేదు. ఈరోజు మాట్లాడాను. "ఎడమ చేత్తో మీరు కత్తిరించేటప్పుడు గుడ్డని పట్టుకునేది ఏ చెయ్యి మావయ్యా?" అన్నాను.

ఆయన తన కుడిచేతి వైపు చూసుకున్నారు. అన్నం కూడా సరిగ్గా తినలేదు.

మే 17, పొద్దున 10

ఒక్కదాన్నే వచ్చాను. ఆస్పత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను, చేతులు ఖాళీగా ఉంటే ఏడుపొస్తుందని. వాడు ఒళ్లో నిద్ర.

కౌంటరు దగ్గర సిస్టరు కార్డు చూసి, నార్మల్ కదమ్మా, ఆరో వారం టీకాకి రా, అప్పుడు చూస్తారులే అంది. సరే అనబోయాను. అలవాటు కొద్దీ నోటిదాకా వచ్చేసింది. ఆపుకున్నాను. ఈ టిక్కు పెట్టినప్పుడు బాబు గుడ్డలో ఉన్నాడు సిస్టర్, అన్నాను. ఆమె వినలేదు. గట్టిగా చెప్పాను. వెనక క్యూలో ఎవరో, అబ్బో, అన్నారు.

అయితే ఆ టిక్కు అబద్ధమంటావా, అని అడిగింది. అవును, అన్నాను.

కూర్చో, పెద్ద డాక్టరుని అడుగుతాను, అంది. కూర్చున్నాను. తలుపుకి ఎదురుగానే. చూడకుండా వెళ్లేది లేదు.

మే 17, మధ్యాహ్నం

పెద్ద డాక్టరమ్మకి జుట్టు నెరిసింది. గోళ్లు పొట్టిగా ఉన్నాయి. చేతులు రుద్దుకుని వెచ్చబెట్టుకున్నాక వాణ్ణి ముట్టుకుంది. అప్పుడే నాకు నమ్మకం కుదిరింది.

ముందు నిద్రలోనే చూసింది. చెవి దగ్గర చిన్న గంట మోగిస్తే ఉలిక్కిపడ్డాడు. రెండోసారి కాస్త కదిలాడు. నాలుగోసారి చలనం లేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆమె నవ్వింది. అదే మంచిదట. పనికిరాని చప్పుడుని పక్కన పెట్టేసి నిద్రపోవడం వాడికి వచ్చిందట. మా ఇంట్లో బతకాలంటే అది రావాల్సిందే అనుకున్నాను, పైకి అనలేదు.

తర్వాత విప్పింది. మొత్తం. చల్లగాలికి ఏడిస్తే ఎంతసేపటికి ఊరుకుంటాడో చూసింది. ఎర్రబంతి చూపించి అటూ ఇటూ తిప్పితే కళ్లు దాని వెంటే వెళ్లాయి. బుగ్గ రాస్తే నోరు అటు తిప్పాడు. నిలబెడితే పాదాలు నడుస్తున్నట్టు వేశాడు. నా కొడుకు ఇన్ని పనులు చెయ్యగలడని నాకే తెలియదు.

ఆఖర్న, కార్డులో రాసిన ఆ ఉలికిపాటు కోసం, తల కింద చెయ్యి పెట్టి కొంచెం లేపి, ఒక్క క్షణం వదిలి పట్టుకుంది. ఎడమ చెయ్యి బార్లా తెరుచుకుని మళ్లీ గుండెల మీదికి వచ్చింది.

కుడి చెయ్యి పక్కనే పడి ఉంది.

మళ్లీ చేసింది. మళ్లీ అంతే.

నేనన్నదే నిజం. అంత ఏడుపు ఎప్పుడూ ఏడవలేదు.

భుజం లాగినప్పుడు మెడలోంచి చేతికి వచ్చే నరాలు సాగాయట. చాలామందికి తిరిగి వస్తుందట, కానీ రోజూ కసరత్తు చేయించాలి. మూడు నెలలకి మోచెయ్యి మడవకపోతే పెద్దాస్పత్రికి పంపుతారు. ఏడాదికి వచ్చి చూపించి ఉంటే, అని ఆగిపోయింది.

సిస్టరు పాత కార్డు తీసుకుని కొత్తది ఇవ్వబోయింది. నేను వదల్లేదు. రెండు చేతులా పట్టుకున్నాను. దీంట్లోనే రాయండి, ఆ రోజు చెయ్యలేదని, అన్నాను. డాక్టరమ్మ పెన్ను తీసి టిక్కు కొట్టేసి, "చెయ్యలేదు" అని రాసి సంతకం పెట్టింది. ఆ మాట నేను తడుముకోకుండా చదివాను.

మే 18

కార్డు మా ఆయన చేతిలో పెట్టాను. చాలాసేపు చదివారు. నీతో నేనూ రావాల్సింది, అన్నారు. అవును రావాల్సింది, అన్నాను. ఫర్వాలేదు అని అనలేదు.

అత్తయ్యకి భయం పట్టుకుంది. నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారు, చొక్కాకి పొడుగు చేతులు కుట్టించు, అంది. నేను కత్తెర తీసుకుని వాడి చొక్కాలన్నిటికీ కుడిచేతులు భుజం దగ్గర కత్తిరించేశాను. ఆ చెయ్యి రోజంతా నాకు కనబడాలి. వచ్చినవాళ్లకీ కనబడుతుంది. కనబడనీ.

కాల్చేయమని మొదట్లో రాశాను. వద్దు. ఎవరికైనా దొరికితే చదవండి. మీ ఇంట్లో పసిబిడ్డ ఉంటే గుడ్డ విప్పి చూడండి.

మే 29

డైపరు మార్చినప్పుడల్లా కసరత్తు. భుజం, మోచెయ్యి, మణికట్టు. పదేసి సార్లు. మెల్లగా.

జూన్ 15

ఏమీ లేదు.

జూన్ 16

ఏమీ లేదు. అత్తయ్య "ఎందుకే పిల్లాణ్ణి అలా నలిపేస్తావు" అంది. వాడి కుడి పక్కా నలగాలనే అత్తయ్యా, అన్నాను.

జూన్ 27

పొద్దున్నే మావయ్య వాణ్ణి కత్తిరింపు బల్ల మీద పడుకోబెట్టారు. పక్కన చాక్ ముక్క. నేను మోచెయ్యి మడిచి వదులుతుంటే, వాడంతట వాడు ఎంతవరకు లేపుతాడో అక్కడ బల్ల మీద గీత పెట్టారు. నడుముకి పైన రెండు వేళ్ల దూరం. "రెండు వేళ్లంటే తక్కువ కాదమ్మాయ్, కోటు భుజం రెండు వేళ్లు తప్పితే మొత్తం పాడైపోతుంది" అన్నారు. నాతో ఆయన అన్ని మాటలు మాట్లాడటం ఇదే మొదటిసారి.

జులై 8

గీత ఛాతీ దగ్గరికి వచ్చింది. బల్ల తుడవద్దని అత్తయ్య అందరినీ కసురుతోంది. ప్యాంట్లు నేల మీద కత్తిరిస్తున్నారు.

జులై 24

పాలు తాగుతూ తాగుతూ కుడి చెయ్యి పైకెత్తి నా జుట్టు పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగేలా లాగాడు.

లాగరా. ఇంకా లాగు.