కనుబొమలు కాలిన మనిషికి

తమ్ముడూ,

మన అమ్మాయి గెలిచిందిరా! బల్ల మీద ఆడే తన యుద్ధం ఆటను బొమ్మల కంపెనీ తీసుకుంది!

అందులో మరుగుజ్జులు తాతల నాటి ఫిరంగికే తరతరాలుగా మెరుగులు దిద్దుతుంటారు. అది గురి తప్పదు, కానీ ఉన్నది ఒక్కటే. మనుషులు వారానికో కొత్తది చేస్తారు, సగం వాళ్ల మొహం మీదే పేలతాయి. "ఎలా తట్టిందమ్మా?" అని కంపెనీవాళ్లు అడిగితే, "మా నాన్ననూ బాబాయినీ చూసి" అందట! గడ్డం మరుగుజ్జును నేనేరా. కనుబొమలు కాలిన మనిషివి నువ్వు!

ఆటలో ఆ ఇద్దరూ ఒకే కోటలో ఉంటేనే గెలుపట. ఆటకు కావలసిన ఇత్తడి బొమ్మలు మనమే పోత పోయాలంది అమ్మాయి. అచ్చులు నీవి, నగిషీ నాది. నువ్వు నామీద అలిగి వేరే పెట్టుకున్న షెడ్డుకు తాళం వేసి, మన పాత షెడ్డుకు వచ్చెయ్యరా.

అక్కకూ బావకూ పిన్నికీ మీ మామగారికీ చెప్పు. మరదలికి మాత్రం నేనే చెబుతాను, కనుబొమల సంగతి నువ్వు దాటేస్తావు.

అన్నయ్య