నష్టాల పద్దులో మా అక్క

జూన్ 2, సోమవారం

ఈ ఉదయం నుంచి నేను మా కంపెనీకి వృద్ధి విభాగాధిపతిని. విభాగంలో నేనొక్కడినే ఉన్నాను కనుక ఆధిపత్యం నిర్వివాదంగా సాగుతోంది.

మేము చిల్లర దుకాణాలకు బిల్లింగ్, స్టాక్ సాఫ్ట్‌వేర్ తయారుచేసి ఏడాది చందా మీద ఇస్తాం. ఎం.డి. గారు వారం రోజుల శిక్షణకు వెళ్ళి, కస్టమర్లు తగ్గితే కంపెనీ పెరుగుతుందన్న విషయం తెలుసుకుని వచ్చారు. ఎంతమంది తగ్గాలి సార్ అని అడిగాను. అది చెప్పడానికేగా మిమ్మల్ని వేసింది అన్నారు.

జూన్ 5, గురువారం. మధ్యాహ్నం 3

సూత్రం సిద్ధమైంది. కస్టమర్ కట్టే చందా ఒకవైపు, అతని ఫోన్లకు మా సపోర్ట్ వాళ్ళు వెచ్చించే సమయం మరొకవైపు. సమయం బరువెక్కితే ఆ కస్టమర్ నష్టం. అటువంటివారిని సాగనంపే కార్యక్రమానికి ‘గౌరవప్రదమైన వీడ్కోలు’ అని పేరు పెట్టాను. ‘తీసేయడం’ అన్న మాట ఎక్కడా రాకుండా నాలుగు పేజీలు రాయడం మీలాంటివాళ్ళకే చేతనవుతుందని ఫైనాన్స్ ఆయన అన్నాడు. ప్రశంసగానే స్వీకరించాను.

సాయంత్రం 5

సూత్రాన్ని కంప్యూటర్‌కి అప్పగించాం. కంపెనీ మొత్తమ్మీద అత్యంత నష్టదాయకమైన కస్టమర్ మా అక్క.

జూన్ 6, శుక్రవారం

ఏదో సాంకేతిక లోపం జరిగి ఉండాలి. అక్కది హార్డ్‌వేర్ కొట్టు. పెట్టింది బావగారైనా నడిపేది ఆవిడే. మా సాఫ్ట్‌వేర్ ఆవిడకి కొట్టినపిండి. సపోర్ట్‌కి ఫోన్ చేయాల్సిన అవసరమేమిటి?

సపోర్ట్ సూపర్‌వైజర్‌ని పిలిచి అడిగాను. ఆఫీసులో ఆవిడ్ని టికెట్టమ్మ అంటారు. వచ్చిన ప్రతి ఫోన్నీ ఒక ఫిర్యాదు టికెట్‌గా నమోదు చేయనిదే మంచినీళ్ళు ముట్టదు. మీకు నిజంగా తెలీదా సార్ అంది. తెలిస్తే అడుగుతానా అన్నాను. మీరు ఫోన్ ఎత్తరు కదా సార్, అందుకే అక్కగారు మాకు చేస్తారు, మేమైతే ఎత్తుతాం కదా అంది.

పనివేళల్లో సెల్‌ఫోన్లు బుట్టలో వేయాలన్న నిబంధన నేను రాసిందే. సాయంత్రం తీసుకుంటే మిస్డ్ కాల్ ఉంటుంది. రేపు చేద్దాంలే అనుకోవడం నిబంధనలో లేదు. అది నా సొంత చేర్పు.

జూన్ 10, మంగళవారం

అక్క టికెట్లన్నీ తెప్పించి చదివాను.

తమ్ముడు ఫోన్ ఎత్తడం లేదు. వర్గం: కనెక్టివిటీ.

ఆదివారం భోజనానికి ఇద్దరూ వస్తారా, మరదలు ఒక్కతే వస్తుందా. వర్గం: కెపాసిటీ ప్లానింగ్.

మొన్న చూస్తే తమ్ముడు చిక్కిపోయాడు, కారణం కనుక్కోగలరు. వర్గం: పెర్ఫార్మెన్స్.

బావగారికి శుక్రవారం పొద్దున్నే కంటి ఆపరేషన్, తమ్ముడు పక్కనుంటే ఆయనకి ధైర్యంగా ఉంటుంది. వర్గం: సమాచారం నిమిత్తం. స్థితి: మూసివేయబడింది.

చివరిది రెండుసార్లు చదివాను. ఆ ఆపరేషన్ సంగతి నాకు ముందుగా చెప్పలేదని ఆర్నెల్లుగా అక్క మీద అలిగి ఉన్నాను.

అన్నీ సంబంధిత విభాగానికి మెయిల్ చేశాం సార్, మా తప్పేం లేదు అంది టికెట్టమ్మ. సంబంధిత విభాగం నేనే. సపోర్ట్ మెయిల్స్ కంటపడకుండా వేరే ఫోల్డర్‌లోకి పోయే ఏర్పాటూ నాదే.

జూన్ 12, గురువారం

ఎం.డి. గారిని ఒక మినహాయింపు కోరాను. ఎవరికని అడిగారు. చెప్పాను. ఆయన నా నాలుగు పేజీలు తీసి మూడో పేజీ చదివి వినిపించారు: వ్యూహమునకు బంధుప్రీతి తగదు. వాక్యం బాగుంది.

ఇవాళ మీ అక్క అంటే రేపు ఫైనాన్స్ ఆయన మా పిన్ని అంటాడు, ఎక్కడ ఆగుతాం అన్నారు. ఫైనాన్స్ ఆయన తల దించుకున్నాడు. నిజంగానే పిన్ని ఉందట. ఆవిడ మందుల షాపూ జాబితాలో ఉంది.

జూన్ 13, శుక్రవారం

వీడ్కోలు ఉత్తరాలు వెళ్ళాయి. ‘ప్రియమైన భాగస్వామీ’ అని మొదలై నా సంతకంతో ముగుస్తాయి. నెలాఖరుకి సేవలు బంద్.

జూన్ 18, బుధవారం

అక్క నుంచి ఫోన్ లేదు. టికెట్ లేదు. సపోర్ట్ ఖర్చు గణనీయంగా తగ్గిందని ఎం.డి. గారు గ్రాఫ్ చూపించి అభినందించారు. గీత కిందికి దిగి నేల మీద పడుకుని ఉంది. దానివైపు చాలాసేపు చూశాను. శ్రద్ధగా చూస్తున్నానని ఆయన మరోసారి అభినందించారు.

జూన్ 20, శుక్రవారం

బుట్టలోంచి ఫోన్ తీసి నేనే చేశాను. అక్క ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు.

ఇంటికి వచ్చాక మా ఆవిడ చెప్పింది, వదినతో తను మాట్లాడిందట. అక్క పలుకులు యథాతథంగా: ఏమ్మా, మీ ఆయన నన్ను ప్రియమైన అన్నాడు, బుద్ధెరిగాక వాడి నోట ఆ మాట రావడం ఇదే మొదలు, ఫ్రేము కట్టించి కొట్లో పెట్టుకోనా? తీసేస్తే తీసేశాడు, బిల్లులు చేత్తో రాసుకుంటా. వాడి కబురు ఎవర్నడగనూ? ఆ ఫోన్లెత్తే పిల్లలైతే వాడు టీ తాగాడో లేదో కూడా చెప్పేవాళ్ళు.

ఇంతవరకూ చెప్పి మా ఆవిడ నా కంచంలో కూర వడ్డించింది.

జూన్ 27, శుక్రవారం

రేపటికి సెలవు పెట్టాను. కారణం: పోటీ కంపెనీ ఉత్పత్తిపై క్షేత్రస్థాయి అధ్యయనం. ఎం.డి. గారు నిలబడే సంతకం చేశారు.

జూన్ 28, శనివారం

అధ్యయనం అక్క కొట్లో జరిగింది. పోటీ కంపెనీ సాఫ్ట్‌వేర్ కొని స్వహస్తాలతో ఎక్కించాను. మా దాంట్లోంచి స్టాక్ అంతా దాంట్లోకి మార్చాలి. సగం సరుకు సరిగ్గా ఎక్కలేదు. లెక్కపెట్టక తప్పలేదు.

అక్క నన్ను చూసి, స్టూలు చూపించి, ఎక్కు, పై అరలో క్లాంపులున్నాయి అంది. పలకరింపు అంతే. వైస్ ప్రెసిడెంటు గారు జాగ్రత్త, ఆ స్టూలుకి ఒక కాలు పొట్టి అన్నారు బావగారు కౌంటర్ దగ్గర్నుంచి. నేను వైస్ ప్రెసిడెంటుని కానని మనవి చేసుకున్నాను. స్టూలుకి ఆ తేడా తెలీదులే బావా అన్నారు.

మధ్యాహ్నం ఒక ప్లంబరు వచ్చి అరంగుళం క్లాంపులు అడిగాడు. నేను ముప్పావువి ఇచ్చాను. కొత్తగా పెట్టుకున్నారా అమ్మా ఈయన్ని అని అక్కని అడిగాడు. లేదయ్యా, పాతవాడే, చాలాకాలం సెలవులో ఉన్నాడు అంది.

అతను వెళ్ళాక, స్టూలు మీదనుంచే, ఆపరేషన్ టికెట్ ఈ నెలలోనే చూశానని చెప్పాను. అక్క క్లాంపులు లెక్కపెడుతూనే ఉంది. లెక్క తప్పింది. మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టి, సర్లే, దిగు, పడతావు అంది.

పోటీవాళ్ళ చవక ప్లానులో ఫోన్ సపోర్ట్ లేదు. ఇబ్బందొస్తే ఎవరికి చెయ్యాలని అక్క అడిగింది. నా నంబరు ఇచ్చాను. ఇది నా దగ్గర ఎప్పట్నుంచో ఉందిరా, పనిచేస్తుందా అంది.

జూన్ 30, సోమవారం

బుట్ట నిబంధన సవరించాను. కారణం: కార్యనిర్వహణ అవసరాలు.

జూలై 9, బుధవారం. ఉదయం 11

బోర్డు మీటింగ్ మధ్యలో ఫోన్ మోగింది. ఎత్తాను. ఎవరని ఎం.డి. గారు అడిగారు. పోటీ కంపెనీ కస్టమర్ అన్నాను. ఆయన కుర్చీలో ముందుకు జరిగారు. వృద్ధికి తొలి సంకేతంగా మినిట్స్‌లో నమోదైంది.

సంభాషణ సారాంశం మినిట్స్‌లో లేదు. ఏం లేదురా, ఎత్తుతావో లేదోనని చేశాను అంది అక్క.