తప్పు జెండా కింద అరగంట

అక్కా, ఒంట్లో బాగానే ఉంది, బుర్రే గందరగోళంగా ఉంది.

కాలేజీకి వారం సెలవులు రాగానే, రూమ్మేటు "పదరా పోదాం" అంటే ముందూ వెనకా చూడకుండా రైలెక్కి పక్క దేశం వచ్చేశాను. ఈ ఉదయం ఒక వీధిలో రెండు గుంపులు ఎదురెదురుగా నినాదాలిస్తున్నాయి. ఇక్కడి భాష నాకు రాదు. ఎర్రజెండాలున్నవాళ్లే కార్మికులనుకుని, వాళ్లలో చేరి అరగంట గొంతు చించుకున్నాను. అవతలి గుంపులోంచి మెడలో కొలతల టేపుతో ఒకామె వచ్చి ఇంగ్లీషులో అడిగింది: "ఏ ఓనరు కొడుకువి బాబూ నువ్వు?"

ఆ ఎరుపు, బట్టల కంపెనీవాళ్ల రంగట! నేను నిలబడింది యజమానుల పక్కన. నేను తిట్టినవాళ్లంతా నీలాగే మిషను మీద కుట్టేవాళ్లు. సిగ్గుతో చచ్చాను. కోపమూ వస్తోంది, ఎవరి మీదో తెలియడం లేదు.

బావ నడుంనొప్పి తగ్గిందా? నేను దేశం దాటానని అమ్మతో అనకు. నా కరపత్రాల పెట్టెకు చెదలు పట్టకుండా చూడు.

రేపూ ఆ కుట్టేవాళ్లు అక్కడే ధర్నాకు కూర్చుంటారట. నా రైలూ రేపే. ఈ కార్డు చేరేలోపు ఏదో ఒకటి తేలిపోతుంది, అయినా నిన్నే అడుగుతున్నాను. క్షమించమంటూ వస్తే, నువ్వయితే నాలాంటివాణ్ని పక్కన కూర్చోనిస్తావా?

బావకు దణ్ణాలు, చంటిదానికి ముద్దులు.

నీ తొందరపాటు తమ్ముడు