ఎన్ను తీయని జొన్న

షోలాపూర్,
24 జూన్ 2012

ప్రియమైన బావకు,

ఈ ఉత్తరంతో పాటు చిన్న గుడ్డమూట వస్తుంది. అందులో ఉన్నవి పచ్చజొన్నలు. వేయించుకొని తినకు, అవి విత్తనాలు.

పోయిన వారం ఊరికి వెళ్లినప్పుడు మీ నాయిన, అదే కురుమయ్య మామ, నాతో ఒక్క మాటే మాట్లాడాడు. "నా తమ్ముడు నాకు తాలు ఇత్తనం ఇచ్చిండు బిడ్డా. మంచిది వానికి దాసుకుండు." పోయినేడు రోడ్డు పక్క చేనుకు విత్తనం చాలక, మామ మీ మాసయ్య చిన్నాయన దగ్గర తెచ్చి పోశాడు కదా. చేను నిలువెత్తు పెరిగింది కానీ ఒక్క ఎన్ను తీయలేదు. అదే విత్తనం చిన్నాయన చేన్లో చేతికి బరువైన కంకులు వేసింది. అప్పటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. తమ్ముడి వాకిలి ముందు నుంచి పోవాల్సి వస్తే మామ చుట్టు తిరిగి పోతున్నాడు. అత్త చెప్పి ఏడ్చింది.

నేను పనిచేసేది జొన్న పరిశోధన కేంద్రంలో. మన ఇంటి జొన్న గొడవే నాకు అంతుపట్టకపోతే ఈ చదువు దేనికి? చిన్నాయనను అడిగి అవే విత్తనాలు తెచ్చాను. సగం ఇక్కడ మా పొలంలో పోస్తాను. సగం నువ్వు అశోక్‌నగర్‌లో మీ హాస్టల్ డాబా మీద పెంచు. ఒక్క చోట చూసి విత్తనం మీద తీర్పు చెప్పకూడదు.

ఫోన్‌లో చెప్పకు, ఉత్తరం రాయి. ఫోన్‌లో అడిగితే "మంచిగనే ఉన్నయి" అంటావు. అది నాకు పనికిరాదు. ఆకు ఎంత వెడల్పు, రంగు ఎట్లుంది, పక్కన ఏముంది, చూసింది చూసినట్టు రాయి. నీ గ్రూప్-2 చదువుకు అడ్డమైతే మాత్రం నిజం చెప్పు, మానేద్దాం.

నీ
నర్మద


అశోక్‌నగర్,
19 ఆగస్టు 2012

ప్రియమైన నర్మదకు,

నీ జొన్నలు మొలిచి నా మోకాలు దాటాయి.

ముందు మట్టి సంగతి చెప్పాలి. ఇక్కడి మట్టి మీద నమ్మకం లేక మన చేను మట్టే రెండు సంచులు బస్సులో తెచ్చాను. "ఏముందన్నా సంచుల?" అని కండక్టర్ అడిగాడు. మట్టి అన్నాను. "హైదరాబాద్‌ల మట్టి దొరుకత లేదా?" అని బస్సంతా వినేటట్టు నవ్వాడు. ఖాళీ పెయింట్ డబ్బాలకు అడుగున బొక్కలు కొట్టి నింపాను. డాబా మీద వరుసగా పెడితే చోటు చాలలేదు. రెండు డబ్బాలు నీళ్ల ట్యాంకు వెనక్కి పోయాయి.

హాస్టల్ యజమానురాలు జయశ్రీ గారు బట్టలు ఆరేయడానికి వచ్చి చూసి, "ఏంది ఎల్లేష్, గ్రూప్స్‌కు చదువుతున్నవా, ఎవుసం చేస్తున్నవా?" అన్నారు. రెండూ అన్నాను. "రెండిట్ల ఏది పండినా నాకు చెప్పు" అని పోయారు.

ఆకు నా మూడు వేళ్ల వెడల్పు. ముదురు ఆకుపచ్చ. పక్కన ఏముందో రాయమన్నావు కదా: తూర్పున పక్కింటి గోడ, పడమర మా సందు, సందుకు అవతల కోచింగ్ సెంటర్ వాళ్ల పెద్ద హోర్డింగ్. అందులో పోయినసారి ర్యాంకులు కొట్టినవాళ్లు నవ్వుతూ ఉంటారు. నేను పొద్దున నీళ్లు పోస్తుంటే నన్నే చూస్తున్నట్టుంటుంది.

చదువుకు అడ్డం కాలేదు. చిక్కడపల్లి లైబ్రరీలో సీటు కోసం తెల్లారకముందే లైను కడుతున్నాం. పొద్దంతా చదివింది బరువెక్కి తిరిగొస్తే, ఏమీ అడగని వాటి దగ్గర కాసేపు నిలబడటం బాగుంది.

నీ
ఎల్లేష్


షోలాపూర్,
14 అక్టోబర్ 2012

ప్రియమైన బావా,

ఇక్కడ ఎన్నులు తీశాయి! అన్నీ! చిన్నాయన విత్తనంలో ఏ దోషమూ లేదు. మామకు ఫోన్ చేసి చెప్పాను. "షోలాపూర్‌ల తీస్తే నాకేంది? నా చేన్ల తియ్యలే" అని పెట్టేశాడు. ఆయన అడిగింది కూడా న్యాయమే.

నీ డాబా మీద ఇంకా ఆకులే ఉన్నాయని పోయిన వారం రాశావు. ఆ ఉత్తరం మా సార్‌కు చూపించాను. ఆయన కుర్చీలోంచి లేచాడు. పట్నం పల్లె కంటే వేడి, రాత్రిళ్లు మరీ. అంటే ఇవాళ పట్నంలో ఉన్న వేడి కొన్నేళ్లకు పల్లెకు వస్తుంది. ఆ వేడికి జొన్న ఎన్ను తీయడం మానేస్తుందా? రోడ్డు పక్క చేను కూడా తారు వేడికే అట్లయిందా? జనవరి సదస్సులో దీని మీద నన్నే మాట్లాడమన్నాడు. నా పేరు మీద, బావా! మొదటిసారి.

ఒక థర్మామీటర్ కొని వేడి ఎంతుందో రాసి పంపు. నాకు రాత్రి నిద్ర పట్టేట్టు లేదు.

నీ
నర్మద


అశోక్‌నగర్,
28 అక్టోబర్ 2012

ప్రియమైన నర్మదకు,

ఈ ఉత్తరం రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను. నీ సంతోషం ఇంకా నా కళ్ల ముందే ఉంది. కానీ చూసింది చూసినట్టు రాయమన్నది నువ్వే.

ట్యాంకు వెనక పెట్టిన రెండు డబ్బాలూ ఎన్ను తీశాయి.

నేను వాటి వైపు పెద్దగా పోను, నీళ్లు పోసి వచ్చేస్తాను. పది రోజుల కింద చూస్తే రెండింటికీ కంకి బయటికి వచ్చి ఉంది. ముందు వరుసలో ఒక్కటి కూడా లేదు. అదే మట్టి, అదే విత్తనం, అవే నీళ్లు. కోఠిలో థర్మామీటర్ కొని ముందు వరుసలో కొన్నాళ్లు, ట్యాంకు వెనక కొన్నాళ్లు వేలాడదీశాను. పగలు గానీ రాత్రి గానీ తేడా లేదు.

వేడి కాదేమో నర్మదా.

నీ
ఎల్లేష్


షోలాపూర్,
5 నవంబర్ 2012

బావకు,

డబ్బాలు కలిసిపోయాయేమో చూడు. ట్యాంకు కారి అక్కడ తడి ఎక్కువైందేమో చూడు. జయశ్రీ గారు వాటికి ఏమైనా వేశారేమో అడుగు.

సార్‌కు ఇంకా చెప్పలేదు. సదస్సు వాళ్లకు నా పేరు పోయింది.

నర్మద

(కవరు అంటించాక మళ్లీ తెరిచాను. పై మాటలు కోపంలో రాసినవి. కోపం నీ మీద కాదు. ఒక్కటి చెప్పు: ఆ ట్యాంకు, దాని వెనక ఉన్నవాటికి దేన్ని అడ్డుకుంటోంది?)


అశోక్‌నగర్,
16 డిసెంబర్ 2012

ప్రియమైన నర్మదకు,

ఇన్నాళ్లు రాయలేదని కోప్పడకు. తేలకుండా రాయొద్దనుకున్నాను.

నీ ప్రశ్న పట్టుకొని రోజూ ట్యాంకు చుట్టూ తిరిగాను. డబ్బాలు కలవలేదు, ట్యాంకు కారలేదు. గాలి అనుకున్నాను, కాదు. ఒక సాయంత్రం చీకటి పడ్డాక అక్కడే నిలబడి ఉండగా కరెంటు పోయింది. అప్పటిదాకా తూర్పు గోడ మీద ట్యాంకు నీడ ఉండె. అది ఒక్కసారిగా మాయమైంది. పొద్దు ఎప్పుడో గూకింది కదా, మరి ఇంతసేపు నీడ ఎక్కడిది?

హోర్డింగ్ లైట్లది. ర్యాంకర్ల మొహాల మీద తెల్లారేదాకా వెలిగే లైట్లు సందు దాటి మా డాబా మీద పడుతున్నాయి. ముందు వరుసకు రాత్రే లేదు. ట్యాంకు వెనక రెండింటికే చీకటి దొరికింది.

వెంటనే నమ్మలేదు. ముందు వరుసలో మూడు డబ్బాలకు కర్రలు పాతి, రోజూ దీపాల వేళకు నల్ల చద్దర్లు కప్పి పొద్దున తీశాను. జయశ్రీ గారు చూసి, "జొన్నకు చలి పెడుతుందా నాయనా?" అన్నారు. నేను లైబ్రరీ నుంచి రావడం ఆలస్యమైన రోజు మాత్రం ఆవిడే కప్పారు.

ఆ మూడూ ఎన్ను తీశాయి నర్మదా. కప్పనివి ఇంకా ఆకులతోనే ఉన్నాయి.

ఇది నీ సదస్సుకు దెబ్బే అని తెలుసు. నారాయణగూడ దాకా నడుచుకుంటూ పోయి దీన్ని పోస్టు చేస్తున్నాను. దారిలో మనసు మారితే ఈ ఉత్తరం నీకు రాదు. వచ్చిందంటే మారలేదన్నట్టు.

నీ
ఎల్లేష్


షోలాపూర్,
22 డిసెంబర్ 2012

ప్రియమైన, చాలా ప్రియమైన బావా,

నీ ఉత్తరం నిలబడే చదివాను. చదివి నా తల నేనే కొట్టుకున్నాను.

పుస్తకాల్లో ఉన్నదే. పాతకాలపు జొన్న రాత్రిని కొలుచుకుంటుంది. రాత్రి పొడుగైందని తెలిస్తేనే, వానాకాలం పోతోంది, ఇక గింజ పెట్టాలి అనుకుంటుంది. మధ్యలో దీపం వెలిగితే దాని లెక్క తప్పుతుంది. ఈ సంగతి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. పట్నం అనగానే వేడి ఒక్కటే తోచింది. మా సార్‌కూ అంతే.

ఉత్తరం తీసుకొని సార్ గదికి పోయాను. చదివి, మడిచి నా చేతికిచ్చాడు. "సదస్సుకు రాసి నీ పేరు వెనక్కి తీసుకో" అన్నాడు. సరే అని తలుపు దాకా వచ్చాను. "నర్మదా, ఆ హోర్డింగ్ లైటు జొన్న దగ్గరికి వచ్చేసరికి ఎంత మిగులుతుంది? ఎంత దూరం పోతే జొన్న దాన్ని లెక్కచేయదు?" అని అడిగాడు. తెలియదన్నాను. "నాకూ తెలియదు. వచ్చే వానాకాలం మన పొలంలో ఒక దీపం పాతుదాం" అన్నాడు. బయటికి వచ్చి ఏడ్చాను. దుఃఖంతో అనుకునేవు, కాదు.

ఇప్పుడు అసలు మాట. మన ఊరి రోడ్డు వెడల్పు చేశారు కదా. మామ చేను పక్కన దీపం ఉందా? నేను పోయినప్పుడల్లా పగటి బస్సుకే తిరిగొచ్చాను. ఈసారి నువ్వు పోయి, చీకటి పడ్డాక చూడు.

నీ
నర్మద


ఊరి నుంచి,
6 జనవరి 2013

ప్రియమైన నర్మదకు,

దీపం ఉంది. చేను మూలమలుపు దగ్గర, పొడుగు స్తంభం మీద, పసుప్పచ్చగా వెలిగే పెద్ద దీపం.

ఈ ఏడు నాయిన పంతానికి ఆ చేన్లో తన సొంత విత్తనమే పోశాడట. మనకెవరికీ చెప్పలేదు. అది కూడా ఎన్ను తీయలేదు. ఎవరిని అనాలో తెలియక, కోసి పశువులకు వేయబుద్ధి కాక, లోపలికి అడుగు కూడా పెట్టకుండా అట్లే వదిలేశాడు. పొద్దు గూకినాక ఆయన్ను తీసుకొని పోయాను. దీపం కింద ఒక్క కంకి లేదు. వెలుతురు సన్నబడే కొద్దీ ఒకటీ అరా. చివరి సాళ్లలో, చీకట్లో, నిండుగా ఉన్నాయి. చేతి బ్యాటరీ లైటు వేసి ఆ ఎన్నులు చూపించాను. డాబా మీది సంగతంతా చెప్పాను. నాయిన తిరిగి దీపం దగ్గరికి నడిచాడు. స్తంభానికి చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"ఈ దీపం నేనే పెట్టించిన" అన్నాడు.

నాకు తెలియదు నర్మదా. నీకు తెలుసా? రోడ్డు వెడల్పు చేసిన కొత్తలో ఈ మలుపు దగ్గరే చీకట్లో చిన్నాయనను మోటర్‌సైకిల్ గుద్దింది. ఆయన కాలు ఈడ్చి నడిచేది అందుకే. అది మనకు తెలుసు. ఆ తర్వాత నాయిన కూలి మానుకొని మండల ఆఫీసు చుట్టూ, కరెంటు ఆఫీసు చుట్టూ తిరిగాడట. "నా తమ్ముని కాలు పోయింది, ఇంకెవ్వనిది పోవద్దు" అని అడిగి అడిగి ఈ దీపం వేయించాడట. తమ్ముడి కోసం పెట్టించిన దీపమే చేనును చెడగొడితే, ఆ నింద తమ్ముడి మీదే వేశాడు.

అక్కడి నుంచి ఇంటికి రాలేదు. తిన్నగా చిన్నాయన వాకిట్లోకి పోయాడు. చిన్నాయన మంచం మీంచి లేవబోతే భుజం పట్టి కూర్చోబెట్టాడు.

"మాసా, నీ ఇత్తనం మంచిదేరా. తప్పు నాది. పొద్దున పోయి ఆ దీపం పీకేయమంట."

చిన్నాయన తన కాలు సర్దుకొని, "అది ముట్టకు అన్నా. నాకు కాలే పోయింది, ఇంకొకనికి పానం పోతది. జొన్న కాకుంటే ఇంకోటి ఏసుకో" అన్నాడు.

"మరి జొన్న?"

"నీ పై చేన్ల పోసుకో. ఇత్తనం నేనిస్త."

"ఇస్తవా?"

"అడుగుతె గద ఇచ్చేది."

నాయిన మొహం అటు తిప్పుకున్నాడు. చిన్నమ్మ లోపలికి పోయి ఇద్దరికీ ఒకే పళ్లెంలో అన్నం పెట్టుకొచ్చింది.

పొద్దున లేచి చూస్తే ఇద్దరూ మంచాల మీద లేరు. మలుపు దగ్గర ఉన్నారు. చిన్నాయన కర్రతో గీత గీస్తున్నాడు, నాయిన అడుగులు వేస్తూ ఎక్కడిదాకా ఎన్ను లేదో చూస్తున్నాడు. ఒకరు కందులు అంటారు, ఒకరు ఆముదాలు అంటారు, మళ్లీ జగడమే. కానీ మాట్లాడుకుంటూ జగడం. నన్ను చూసి నాయిన పిలిచాడు.

"అరేయ్, రాత్రిని లెక్కపెట్టని పంట ఏదన్న ఉన్నదా? నర్మదను అడుగు."

చిన్నాయన ఆగలేదు. "ఆముదానికి రాత్రి ఎరుక అయితదా, కాదా? గది గూడ అడుగు."

అడిగాను మరి. ఇద్దరూ ఇప్పుడు నా పక్కనే కూర్చొని, ఏం రాశావో చదువు అంటున్నారు.

నీ
ఎల్లేష్